నూరు పాళ్ల నిఖార్సు... కాగితం మీద!

ఇటలీలో టస్కనీ. అందులో మోంటాల్చీనో అనే కొండ ఊరు. ఆ ఊరి ద్రాక్షతో చేసే ఎర్ర వైన్ పేరు బ్రునెల్లో. ముప్పై ఏళ్లు దాచినా చెక్కుచెదరదని కీర్తి. సీసా ముట్టుకునే ముందు స్నానం చెయ్యాలేమో అన్నంత భక్తి దాని మీద!

రూలు ఎంత ముచ్చటగా ఉందో చూడండి. సాంజొవేసే అనే ఒక్క రకం ద్రాక్షే వాడాలి, నూటికి నూరు పాళ్లు. చెక్క పీపాల్లో కనీసం రెండేళ్లు మగ్గాలి. కోత తర్వాత ఐదో ఏడు జనవరి 1 వచ్చేదాకా అంగడి ముఖం చూడకూడదు. 1980లో డీఓసీజీ అనే అత్యున్నత హోదా దక్కింది. సీసా మెడకు సర్కారు పట్టీ పడింది. ఇంకేం కావాలి?

డబ్బు కావాలి.

ఈ వైన్‌కు పేరు తెచ్చిన బియోండి సాంటి కుటుంబం 1888 నుంచి 1945 దాకా బ్రునెల్లో అని చెప్పి విడుదల చేసింది నాలుగంటే నాలుగు కోతలే. పంట బాగాలేని ఏడు నోరు మూసుకుని కూర్చుంది. ఇప్పుడెవరు కూర్చుంటారు? 1967లో సాగుదారుల సంఘం పుట్టేనాటికి తోటలు అరవై హెక్టార్ల చిల్లర. నేడు రెండు వేలు దాటాయి. కొండంతా ఒకే నేలా? ఒకే ఎండా? సాంజొవేసే మహా పెంకి ద్రాక్ష. సరిపడని నేలలో సరిగా పండదు. పండినా రంగు పలచన. అమెరికా బజారుకేమో చిక్కటి రంగు, మెత్తటి రుచి కావాలి. నూటికి ఇన్ని మార్కులని వేసే పత్రికలూ ఆ చిక్కదనానికే మురిసిపోయేవి. మరి ఏం చెయ్యాలి? మెర్లో ద్రాక్ష ఉందిగా! కాస్త ఒలకబోస్తే సరి. ఎవరు చూడొచ్చారు?

2008లో సియేనా ప్రాసిక్యూటర్లు చూశారు. పేరుమోసిన కంపెనీల సరుకు లక్షల లీటర్ల లెక్కన జప్తయింది. నూరు పాళ్ల సాంజొవేసే అని రుజువు చూపించందే మా రేవులో దింపొద్దని అమెరికా కన్నెర్ర చేసింది. అప్పుడు కదిలింది రోమ్! కమిటీ వేసింది, సర్టిఫికెట్లు పంచింది. కమిటీ అనగానే మీకు నవ్వొస్తోందా? మనకు కొత్తా?

చివరికి ఏమైంది? కొందరు నిర్దోషులుగా తేలారు. పరీక్షకు నిలవని వైన్ హోదా దించుకుని, చౌక పేరుతో మళ్లీ బజారుకే వచ్చింది. గుంటూరులో కారప్పొడికి రంగు కలిపితే కల్తీ అంటాం, కేసు పెడతాం. టస్కనీ దొర కలిపితే మాత్రం 'అంతర్జాతీయ శైలి'! 2011లో మరీ బరితెగించారు. తమ్ముడు వైన్ రోసో డి మోంటాల్చీనోలోనైనా వేరే ద్రాక్ష కలపనివ్వండని ప్రతిపాదన పెట్టారు. దొంగతనం ఆగకపోతే తాళం పీకేద్దామన్నట్టు! సాగుదారుల్లో ఎక్కువమంది ఛీకొట్టారు కాబట్టి పరువు దక్కింది.

అసలు కథ ఇప్పుడు వినండి. జాన్‌ఫ్రాంకో సోల్దెరా అనే మొండి మనిషి ఉండేవాడు. నిఖార్సు సాంజొవేసే తప్ప మరొకటి ముట్టడు. 2012 డిసెంబరులో ఒక రాత్రి, కక్షగట్టిన మాజీ పనివాడొకడు అతని పీపాల కుళాయిలు తిప్పేశాడు. ఆరు కోతల వైన్, 62 వేల లీటర్లకు పైగా, మోరీ పాలైంది. సంఘం ఉదారంగా ముందుకొచ్చింది. తలా కాస్త వైన్ ఇస్తాం, తీసుకో అంది. ఆయన వద్దన్నాడు. ఊరందరి వైన్ తెచ్చి నా పేరుతో అమ్మితే కొనేవాణ్ని మోసం చేసినట్టు కాదా అని అడిగాడు.

సంఘానికి పౌరుషం పొడుచుకొచ్చింది! సోల్దెరా రాజీనామా ఇచ్చాడు. అది చాలదట, బహిష్కరించింది. కొనేవాడి తరఫున మాట్లాడినవాడు వెలి. మరి మెర్లో ఒలకబోసిన మహానుభావుల మీద ఇంత పౌరుషం ఎవరైనా చూశారా?

ఆ తర్వాతైనా శుద్ధి జరిగిందా? 2014లో సియేనా పోలీసులు మళ్లీ పట్టుకున్నారు. బ్రునెల్లో లాంటి పెద్ద పేర్లు తగిలించిన నాసిరకం వైన్, లక్షన్నర లీటర్లకు పైగా!

తప్పు ద్రాక్షది కాదు. ఎండలో నడుం వంచి తీగలు కత్తిరించే కూలీదీ, నిజాయతీగా ఐదేళ్లు ఎదురుచూసే చిన్న రైతుదీ కాదు. అమ్ముకునేవాళ్లే సంఘం పెట్టుకుంటారు. ఒకప్పుడు ఆ సంఘమే తోటలు తనిఖీ చేసింది, ఆ సంఘమే కోతకిన్ని నక్షత్రాలని పంచింది. డబ్బిచ్చేవాడికి మాత్రం ఆ గదిలో కుర్చీ లేదు. ఆ కుర్చీ వేయనంతకాలం ఎన్ని పట్టీలు అంటించినా అవి అలంకారాలే. కొనేవాళ్లారా, నక్షత్రాలు లెక్కపెట్టడం మానండి. తనిఖీ ఎవరు చేశారో అడగండి!