వంశవృక్షం పైనుంచి కిందికి

వంశవృక్షం గీయాలనుకున్న అనకాపల్లి వాళ్ళు చేసే మొదటి పొరపాటు తమ పేరుతో మొదలుపెట్టడం. నాన్న, తాత, ముత్తాత దాకా వచ్చి అక్కడ ఆగిపోతారు. ఎప్పుడూ రాజుతో మొదలుపెట్టాలి. మన వైపు రాజులకు కొదవా? తూర్పు గాంగులున్నారు, గజపతులున్నారు, విజయనగరం పూసపాటి వారున్నారు. నచ్చినవారిని పైన రాసి, కింద మిమ్మల్ని రాసుకుని, మధ్యలో చుక్కలు పెట్టేయండి. ఇంకా పాతకాలం కావాలనిపించినా శంకరం దగ్గర బొజ్జన్నకొండ వైపు మాత్రం చూడకండి. అక్కడ ఉండిపోయినవాళ్ళు బౌద్ధ భిక్షువులు. మీరు వాళ్ళ సంతతి అంటే పరువు పోయేది వాళ్ళదే.

మామ్మను ఏమీ అడగవద్దు. అడిగితే చెప్పేస్తుంది, అదే ఇబ్బంది. "మీ తాత తమ్ముడు రంగం ఎల్లిపోనాడు బావూ, మరి రానేదు" అంటుంది. చెరకు నరికినవాళ్ళు, బెల్లం పాకం కాచినవాళ్ళు, పొట్ట చేతపట్టుకుని పోయినవాళ్ళు ఒక్కొక్కరే బయటికొస్తారు. మీరు పైన రాసుకున్న గజపతికీ వీళ్ళకీ ఎక్కడా అతకదు. అందుకే ఆవిడ పెద్దకర్మ దాకా ఆగండి. ఆ రోజు భోజనాల దగ్గర చుట్టాలందరూ "ఆ అప్పలస్వామి ఎవరి కొడుకు?" అని ఒకరినొకరు అడుగుతారు. చెప్పగలిగిన ఒక్క మనిషీ దండ వేసిన ఫొటోలో ఉంటుంది.

అప్పలస్వామి అంటే గుర్తొచ్చింది. సింహాచలం అప్పన్న, అనకాపల్లి నూకాలమ్మ చలవ వల్ల ఈ ప్రాంతంలో అప్పలస్వామి, అప్పలనాయుడు, నూకరాజు లేని వీధి ఉండదు. పైగా తాత పేరు మనవడికి పెట్టడం మన ఆనవాయితీ. ఏ కాలం నూకరాజు ఏ తరం వాడో తేల్చుకుంటూ కూర్చోకండి, కాగితాల్లో మొదట కనిపించినవాడే మీవాడు. ఇంటిపేరు కలిసిందా, ఇక ఊరూ కులమూ ఆరా తీయనక్కర్లేదు, పెద్దనాన్నా అని పిలిచేయండి.

పాత రికార్డుల్లో వెతికేటప్పుడు "అనకాపల్లి జిల్లా" అనే వెతకాలి. ఆ జిల్లా పుట్టింది 2022 ఏప్రిల్ 4న కాబట్టి 1905 నాటి కాగితంలో దొరకదు, మీరు తొందరగా ఇంటికి వెళ్ళిపోవచ్చు. ఎవరైనా సర్వసిద్ధి తాలూకా అని రాసిన కాగితం చూపిస్తే, అలాంటి తాలూకా ఫోన్ మ్యాపులో లేదని చెప్పి పంపించేయండి. ఎలమంచిలి కేంద్రంగా ఒకప్పుడు ఆ తాలూకా ఉండేదనీ, నర్సీపట్నం వైపు ఊళ్ళు గొలుగొండ తాలూకాలో ఉండేవనీ చెప్పడానికి మీరేమైనా తాసిల్దారా?

అసలు చిక్కు ఇప్పుడు చెబుతాను. ఎంత వెతికినా రాజు దొరకడు గానీ, కూలి దొరికిపోతాడు. 1834 నుంచి మారిషస్‌కు, 1860 నుంచి నేటాల్‌కు అగ్రిమెంటు కూలీలను తీసుకెళ్ళారు. మద్రాసు నుంచి ఫిజీకి 1903లో ఎల్ఫిన్‌స్టోన్ ఓడతో మొదలైంది. వాళ్ళలో విశాఖపట్నం జిల్లా వాళ్ళూ ఉన్నారు. ఓడెక్కిన ప్రతి మనిషి గురించీ తెల్లదొరల గుమాస్తాలు పేరు, తండ్రి పేరు, వయసు, కులం, తాలూకా, ఊరు రాసుకున్నారు. ఎత్తు కొలిచారు, ఒంటి మీద మచ్చలు కూడా వదల్లేదు. మారిషస్‌లోని మోకా అనే ఊళ్ళో మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో అక్కడికి వెళ్ళినవాళ్ళ దస్తావేజులూ ఫొటోలూ భద్రంగా ఉన్నాయి. ఊళ్ళోనే ఉండిపోయి, సెంటు భూమి లేక, ఏ అడంగల్‌లోనూ ఎక్కని అన్నదమ్ముడి గురించి అందులో పదోవంతు కూడా ఎవరూ రాయలేదు. ఇలాంటి అన్యాయపు రికార్డుల జోలికి పరువున్నవాళ్ళు వెళ్ళరు.

తప్పక వెళ్ళాల్సి వస్తే ఇంటిపేరుతోనే వెతకండి. ఆ కాగితాల్లో సాధారణంగా ఇంటిపేరు రాయలేదు. నేటాల్‌లో చాలామందికి నాయుడు అన్నదే ఇంటిపేరైపోయింది, మారిషస్‌లో తండ్రి పేరు ఇంటిపేరుగా స్థిరపడింది. కాబట్టి మీకేమీ దొరకదు, మనశ్శాంతి.

రంగం, అంటే బర్మాలోని రంగూన్, వెళ్ళినవాళ్ళతో ఈ బెడద తక్కువ. వాళ్ళు అగ్రిమెంటు మీద కాదు, ఎక్కువగా మేస్త్రీల వెంట అప్పు చేసి వెళ్ళారు. మనిషికో కాగితం లేదు. 1942లో జపాను సేనలు వచ్చినప్పుడు కొండలూ అడవులూ దాటి నడిచి వచ్చినవాళ్ళున్నారు, తర్వాత తిరిగొచ్చినవాళ్ళతో విశాఖలో బర్మా క్యాంపు అని ఒక పేటే ఉంది. కానీ అనకాపల్లిలో బస్సెక్కితే చేరిపోయే చుట్టానికి విలువేముంటుంది? డర్బన్‌లో ఉన్నవాణ్ణి పట్టుకోండి.

దొరికాక మొదటి ఫోన్‌లోనే మా అబ్బాయికి అక్కడ ఉద్యోగం చూడమని అడగండి. రెండో ఫోన్ రాదు, ఖర్చు కలిసొస్తుంది. ఒకవేళ ఆయనే తెలుగు రెండు ముక్కలు కూడబలుక్కుని, ముత్తాత ఊరు వెతుక్కుంటూ కొత్త అమావాస్య జాతరకు వచ్చాడనుకోండి, కాఫీ ఇచ్చే ముందు పట్టాదారు పాస్‌పుస్తకం బీరువాలో పెట్టి తాళం వేయండి. నాలుగు తరాల తర్వాత సముద్రం దాటి వచ్చినవాడు ముప్పై సెంట్లలో వాటా కోసం కాక నూకాలమ్మ దర్శనానికి వస్తాడా? ఊరి పెద్దను అడిగి తెలుసుకుంటానంటే, ఆయన ఊళ్ళో లేడని చెప్పండి.

చివరిగా ఒక హెచ్చరిక. ఫిజీ వెళ్ళిన కూలీల పాసుల నకళ్ళు ఎవరైనా చూపిస్తే తండ్రి పేరు దాకా చదివి ఆపేయండి. కిందికి వెళ్ళకండి. అక్కడ దగ్గరి బంధువు పేరు రాయడానికి ఒక గడి ఉంటుంది. అందులో ఉండేది ఓడెక్కినవాడి పేరు కాదు, ఊళ్ళో ఉండిపోయినవాడిది. అది మీ ముత్తాత పేరే కావచ్చు.