మొలతాడు ముడి

సంక్రాంతికి మా మనవడు విశాఖపట్నం నుంచి వస్తూ బిందెడంత నల్ల డబ్బా ఒకటి పట్టుకొచ్చాడు. మూత తీస్తే తెల్లటి పొడి, అందులో ఒక ప్లాస్టిక్ గరిట. పొద్దున రెండు గరిటలు, రాత్రి రెండు గరిటలు నీళ్ళలో కలుపుకు తాగుతాడట. అన్నం ముట్టడట. స్నేహితుడి పెళ్ళిలోగా, నెల రోజుల్లో పది కిలోలు తగ్గాలట. వాళ్ళ నాయనమ్మ మోకాళ్ళ నొప్పులతో పొయ్యి దగ్గర కూర్చుని వండిన అరిసెలు కంచంలో అలాగే ఉండిపోయాయి.

"ఒరే బావూ, ఇదేటి తిండిరా?" అన్నాను.

"ప్రొటీన్ తాతా. జిమ్ములో ఇచ్చారు. నీకు తెలీదులే."

ఆ మాటకి నాకు కోపం వచ్చింది. డెబ్భై నాలుగేళ్ళుగా ఈ వజ్రపుకొత్తూరు ఇసుకలో బతుకుతున్నవాణ్ణి. బడిలో పిల్లలకి పాఠాలు చెప్పాను, బడి వేళ కానప్పుడల్లా కొబ్బరి తోట చేశాను. తిండి గురించీ ఒళ్ళు గురించీ, ముఖ్యంగా ఈ ఉద్దానం నేల మీద పెరిగిన ఒళ్ళు గురించీ నాకు తెలిసింది చెప్పి తీరతాను.

మా రోజుల్లో మా ఊళ్ళో కాటా అంటే జీడిపిక్కలు తూచే కాటాయే. 80 కిలోల బస్తా పలాస వెళ్ళేముందు దాని మీదికి ఎక్కేది. మనిషిని తూచాలన్న ఆలోచన ఎవరికీ లేదు. మనిషికి మొలతాడు ఉండేది. మా అమ్మ తలంటి పోసేటప్పుడు ముడి దగ్గర వేలు పెట్టి చూసేది. వేలు దూరకపోతే, చర్మం మీద గీత పడితే, "ఒళ్ళు చేస్తన్నావు, తోటకి నడు" అనేది. తాడు వదులై కిందికి జారితే ఆ రాత్రి నా గిన్నెలో ఇంకో గరిటె పడేది. ఇప్పుడు డాక్టర్లు టేపు పెట్టి చెప్పేదీ అదే కదా! మగవాళ్ళకి నడుము చుట్టుకొలత 90 సెంటీమీటర్లు, ఆడవాళ్ళకి 80 దాటితే జాగ్రత్త పడమంటారు. ఆ లెక్క మా అమ్మ వేలితో చూసేది.

"తోటకి నడు" అంటే ఏమిటో ఇప్పటి పిల్లలకి విప్పి చెప్పాలి. మాది ఇసుక నేల. నాటిన కొబ్బరి మొక్క నిలదొక్కుకునేదాకా వేసవి అంతా నీళ్ళు పోసి బతికించాలి. తోటలోనే నేలనుయ్యి ఉండేది. అందులోకి దిగి రెండు కుండలు ముంచి, కావిడికి తగిలించి, భుజాన వేసుకుని ఇసుకలో నడవాలి. అడుగు వేస్తే చీలమండ దాకా దిగబడుతుంది. దాన్ని లాగి మళ్ళీ వెయ్యాలి. కుండలు ఊగితే నీళ్ళు ఒలికిపోతాయి, అందుకని నడుము బిగించి, ఊపిరి సరిచూసుకుని, ఒకే వరసలో నడవాలి. మాకు అరవై మొక్కలు. మొక్కకి ఒక కావిడి. పొద్దు పొడవకముందు ముప్పై, పొద్దు వాలాక ముప్పై. మధ్యలో బడి. ఇప్పుడు కుర్రవాళ్ళు నెలకి ఇంతని డబ్బు కట్టి, ఏసీ గదిలో పట్టా మీద ఉన్నచోటే పరిగెత్తి, బయటికొచ్చి రెండు వీధుల అవతలి ఇంటికి మోటారు సైకిలెక్కి పోతున్నారు. అది చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

తిండి సంగతి చెప్తాను. రాత్రి చోడిపిండి, అంటే రాగిపిండి, నీళ్ళలో కలిపి మట్టికుండలో పులియబెట్టేవారు. తెల్లారగట్ల నూకలు ఉడికించి, అందులో ఈ పులిసిన పిండి పోసి, అడుగంటకుండా తెడ్డుతో తిప్పుతూ ఉంటే బుడగలు వచ్చి చిక్కబడేది. చల్లారాక మజ్జిగ, ఉప్పు, నంజుకోవడానికి ఉల్లిపాయ, కాల్చిన ఎండు నెత్తళ్ళు. అది తాగితే మధ్యాహ్నం దాకా ఆకలి గుర్తొచ్చేది కాదు. మధ్యాహ్నం అన్నం, ఉలవచారో మునగాకు పప్పో, వల పడ్డ రోజున కవ్వళ్ళ పులుసు. పనస కాపు రోజుల్లో పొట్టు కూర, పండు తిన్నాక మిగిలిన పిక్కలు తంపటి. నూనె అంటే తాలింపులోకి చెంచాడే. చీకటి పడేలోగా తినేసేవాళ్ళం, దీపం నూనె దండగని.

ఇప్పుడో? కాశీబుగ్గలో సాయంత్రం అయితే చాలు, బండి మీద బాణలి పెట్టి గరిటెలు గరిటెలు నూనె పోసి నూడుల్సు వేపుతున్నారు. రాత్రి పదింటికి బిర్యానీ పొట్లం ఇంటికొస్తుంది. పొద్దున మూడు టీలు, సాయంత్రం మూడు టీలు, టీకి రెండు చెంచాల పంచదార. ఆ పంచదార ఎవరి లెక్కలోనూ ఉండదు. మా చోడంబలిని పేదవాడి తిండని వెక్కిరించినవాళ్ళే ఇప్పుడు రాగి మాల్టని అందులోనూ పంచదార పోసుకుని తాగుతున్నారు. 2023లో బడిపిల్లలకి ప్రభుత్వం రాగిజావ మొదలుపెట్టినప్పుడు, నేను పాఠం చెప్పిన బడికి వెళ్ళి ఒక గ్లాసు అడిగి తాగాను. కళ్ళు చెమర్చాయి.

అయితే ఒక మాట నిజాయితీగా చెప్పాలి. మేమంతా చోళ్ళు ఇష్టపడి తినలేదు. వరి అన్నం దొరక్క తిన్నాం. మా సన్నదనంలో సగం ఆకలి. 1983లో ఎన్టీ రామారావు ముఖ్యమంత్రి అయ్యాక కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది, మా వీధిలో చాలామంది మూడు పూటలా అన్నం చూసింది అప్పుడే. ఆ బియ్యాన్ని నేను ఒక్క మాట అనను. నా బాధల్లా ఏమిటంటే, కంచంలో అన్నం పెరిగింది, దాని పక్కన ఉండే చోళ్ళు, గంటెలు, ఉలవలు మాయమయ్యాయి. నూతికి మోటారు వచ్చింది, కావిడి అటకెక్కింది. తిండి పెరిగి పని తగ్గిన సంగతి ఒంటికి తెలిసింది కానీ మనకి తెలియలేదు.

నాకూ తెలియలేదు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను మా మండలం దగ్గరే తీరం దాటింది. తెల్లారి చూస్తే తోటంతా నేల మీద పడి ఉంది. మా నాన్న నాటినవి, నేను కావిడి మోసి పెంచినవి, జీడిమామిడి చెట్లతో సహా. ఆ తరవాత రెండేళ్ళు నేను అరుగు దిగలేదు. కూర్చునే తిన్నాను. 58 కిలోల మనిషిని 71 కి వచ్చాను. మొలతాడు రెండుసార్లు మార్చాను. చివరికి కళ్ళు తిరిగి డాక్టరు దగ్గరికి వెళ్తే షుగరన్నారు.

మొదట నేనూ తొందరపడ్డాను. రాత్రి భోజనం పూర్తిగా మానేశాను. రెండు వారాలు గట్టిగా నిలబడి, ఒక అర్ధరాత్రి లేచి చల్దన్నం గిన్నె ఖాళీ చేశాను. అప్పుడు నా డాక్టరు నెమ్మదిగా చెప్పారు: "మాస్టారూ, వారానికి అరకిలో మించి తగ్గాలనుకోకండి." ఆ మాట పట్టుకున్నాను. మధ్యాహ్నం అన్నం సగం చేసి, ఆ సగం చోటులో కూర, పప్పు పెట్టాను. పొద్దున మళ్ళీ అంబలి. టీలో పంచదార తీసేశాను. చేప వేపుడు మాని పులుసుకి వచ్చాను. రాత్రి ఏడింటికల్లా చెయ్యి కడిగేసేవాణ్ణి. పొద్దునా సాయంత్రం తోట దాకా నడక. ఖాళీ నేల చూడలేక మళ్ళీ మొక్కలు నాటాను, నడక కోసమని వాటికి బిందెతో నీళ్ళు పోశాను. పదకొండు కిలోలు తగ్గడానికి ఏడాదిన్నర పట్టింది. కొన్ని నెలలు అసలు తగ్గనే లేదు. కానీ తగ్గింది మళ్ళీ రాలేదు.

ఇక అసలు సంగతికి వస్తాను. బరువు గురించి ఎక్కడి వాళ్ళు ఏమైనా మాట్లాడుకోవచ్చు. కిడ్నీ జబ్బు పట్టి పీడిస్తున్న మా ఉద్దానంలో పుట్టినవాడు ఆ మాట ఎత్తే ముందు ఇంకో మాట అడగాలి. కిడ్నీల సంగతి చెప్పే క్రియాటినిన్ నీ రక్తంలో ఎంత?

మా ఊళ్ళో కొబ్బరి దింపు పని చేసే నా స్నేహితుడు ఒకడుండేవాడు. నా కంటే ఆరేళ్ళు చిన్న. నేను తిన్న తిండే తిన్నాడు, నా కంటే పదింతలు కష్టపడ్డాడు. పొట్ట అనేది ఎరగడు. చెట్టెక్కితే ఉడుతే. ఒళ్ళు నొప్పులకి సంతలో కొన్న నొప్పి మాత్ర వేసుకుని మళ్ళీ ఎక్కేవాడు. ఒకరోజు ఆకలి లేదన్నాడు, ఇంకోరోజు కాళ్ళు వాచాయి. చూపించుకునేసరికి రెండు కిడ్నీలూ పోయాయి. తొలిరోజుల్లో ఈ జబ్బుకి నొప్పి లేదు, వాపు లేదు, అదే దీని మాయ. తరవాత వారానికి మూడుసార్లు, నాలుగేసి గంటలు డయాలసిస్. రోజుకి ఇన్ని గ్లాసులని నీళ్ళు కొలిచి తాగాలి. కొబ్బరి నీళ్ళలో పొటాషియం ఎక్కువ, అది గుండెకి ముప్పని, కొబ్బరి నీళ్ళు చుక్క ముట్టకూడదన్నారు. జీవితమంతా ఊరందరికీ బొండాలు దింపిన మనిషి, మా అరుగు మీద కూర్చుని, "మాస్టారూ, ఒక్క గుక్క" అని అడిగేవాడు. నేను ఇవ్వలేదు. ఇప్పటికీ ఆ చూపు నన్ను వదల్లేదు.

మా రోజుల్లో తిండి మంచిది, పని మంచిది అని నేను ఎంత చెప్పుకున్నా, వాడి ముందు ఆ మాట చాలదు. సన్నగా ఉన్నంత మాత్రాన ఒళ్ళు బాగున్నట్టు కాదని వాడు నాకు నేర్పి పోయాడు. ఈ జబ్బుకి కారణం నీళ్ళా, ఎండలో నీళ్ళు తాగకుండా చేసే చాకిరీయా, పురుగుమందులా, నొప్పి మాత్రలా, ఎందరు పరిశోధించినా ఇదీ అని తేలలేదు. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల ఆస్పత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం తెరిచారు. హిరమండలం జలాశయం నుంచి గొట్టాల్లో మంచినీళ్ళు మళ్ళించారు. మంచిదే. కానీ మన జాగ్రత్త మనం పడాలి కదా!

అలాంటి నేల మీద పుట్టిన పిల్లాడికి, రక్త పరీక్ష ఊసే లేకుండా జిమ్ములో ప్రొటీన్ డబ్బా చేతికిస్తారా? కిడ్నీ నీరసించిన వాడికి అదనపు ప్రొటీన్ అదనపు మోతే. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార సూత్రాల్లో కండల కోసం ఈ పొడులు వాడొద్దనే చెప్పింది. పప్పు, గుడ్డు, చేప, పాలు ఉండగా డబ్బా ఎందుకు? ఇంకా ఘోరం, చెమట పడితే కొవ్వు కరుగుతుందని ఎండలో నీళ్ళు తాగకుండా పరిగెత్తడం, సాయంత్రానికి మోకాలు నొప్పని మాత్ర మింగడం. ఉద్దానంలో ఆ మాత్రని చూసి భయపడాలి.

జీడి పరిశ్రమలో పిక్క కొట్టే ఆడవాళ్ళకి కూడా ఇదే చెప్తాను. పొద్దస్తమానం ఒకే చోట కూర్చునే పని, నడుము పట్టేస్తుంది, ఒళ్ళు బరువెక్కుతుంది. వాళ్ళకి జిమ్ముకి తీరికేదీ, డబ్బేదీ? గంటకోసారి లేచి నాలుగడుగులు వెయ్యండి తల్లీ, చెంబుడు నీళ్ళు దగ్గర పెట్టుకోండి. నడుం నొప్పి మాత్ర కొనే డబ్బుతో ఏడాదికోసారి రక్తం, మూత్రం చూపించుకోండి. రోజుకి పదివేల అడుగులు వెయ్యలేకపోతున్నామని దిగులు పడకండి. ఆ పదివేల లెక్క 1965లో జపాన్‌లో అమ్మకానికి వచ్చిన అడుగులు కొలిచే మిషను పేరులోంచి పుట్టింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అడిగేది వారానికి 150 నిమిషాల చురుకైన కదలిక. రోజుకి అరగంట నడక వారంలో ఐదు రోజులు చేస్తే సరిపోతుంది.

ఆ సంక్రాంతికి ముక్కనుమ మర్నాడు మనవణ్ణి వెంటబెట్టుకుని పలాస వెళ్ళి రక్తం ఇప్పించాను. రిపోర్టు వచ్చేదాకా డబ్బా మూత తియ్యొద్దని ఒట్టు వేయించుకున్నాను. వాడు విసుక్కున్నాడు కానీ వచ్చాడు. క్రియాటినిన్ బాగుంది, మూత్రంలో తేడా లేదు. వెళ్ళేటప్పుడు డబ్బా వదిలేసి, నాయనమ్మ దగ్గర రెండు కిలోల చోడిపిండి పట్టుకెళ్ళాడు. స్నేహితుడి పెళ్ళికి పది కిలోలు తగ్గలేదు. ఉగాదికి వచ్చేసరికి నాలుగున్నర తగ్గాడు. షర్టు ఎత్తి నాయనమ్మకి మొలతాడు చూపించాడు, రెండు వేళ్ళు దూరాయి.

ఆ సాయంత్రం ఇద్దరం తోటకి వెళ్ళాం. తిత్లీ తరవాత నేను నాటిన చెట్టు ఒకటి మొదటి గెల వేసింది. చేతికందే ఎత్తే. ఒక బొండం కోసి, కత్తితో మూతి చెక్కి వాడికిచ్చాను. "నువ్వు తాగు తాతా" అన్నాడు. నా చేతిలో బొండం ఒక్క క్షణం అలాగే ఉండిపోయింది. "ముందు నువ్వు తాగు బావూ," అన్నాను, "నీ రక్తం బాగుంది. తాగు."