వెలుగు మనది, కళ్లు ఎదుటివాడివి

సికింద్రాబాద్‌లో పాత కారున్న ప్రతి గృహస్థుకీ ఏదో ఒక రాత్రి జ్ఞానోదయమవుతుంది, తన బండి లైట్లకి రోడ్డు ఆనడం లేదని. కళ్లద్దాల నంబరు మారిందేమోనన్న అనుమానం రాదు. విండ్‌షీల్డ్ తుడిచి ఎన్నాళ్లయిందో గుర్తుకు రాదు. దోషమంతా హెడ్‌లైటుదే. మర్నాడు పొద్దున్నే రాణిగంజ్ బయల్దేరతాడు.

బేరింగుల నుంచి లారీ కమాన్ పట్టీల దాకా అమ్మే ఆ బజారులో గిరాకీ మనసు చదవడం మూడు నిమిషాల పని.

"అన్నా, హెడ్‌లైట్ డల్‌గా ఉంది."

"ఏం బండి?"

"మారుతీ ఎయిట్ హండ్రెడ్."

"ఎల్ఈడీ ఏస్కో అన్నా. రోడ్డంత పట్టపగలైతది."

"ఎదురొచ్చేవాళ్లకి ఇబ్బంది కాదా?"

"పైసల్ నువ్వు పెడ్తున్నవ్. ఆళ్లకేం ఇబ్బందన్నా?"

మోటారు వాహనాల చట్టాన్ని ఇంత క్లుప్తంగా రద్దు చేసిన తీర్పు మరోటి లేదు. ఎల్ఈడీ వద్దనుకునే ఛాందసులకి 100/90 వాట్ల హాలోజన్ కూడా దొరుకుతుంది. డబ్బా మీద 'ఆఫ్ రోడ్ వాడకానికి మాత్రమే' అని రాసి ఉంటుంది. ఈ షరతు మనకి ఇబ్బందేమీ కాదు. ఒక గట్టి వాన కురిస్తే చాలు, మన రోడ్లన్నీ ఆఫ్ రోడ్డే.

ఇక ఆదివారం అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో శస్త్రచికిత్స. వాచ్‌మన్ సెల్‌ఫోన్ టార్చ్ పట్టుకుంటాడు. మూడో అంతస్తు అంకుల్ సలహాలు పట్టుకొస్తాడు. మూడు పిన్నుల కప్లర్ లాగితే వైరు కూడా ఊడొస్తుంది. బల్బుని పట్టి ఉంచే తీగ క్లిప్పు ఒక్క గెంతులో బంపర్ లోపలికి వెళ్లి అక్కడే కాపురం పెడుతుంది. ఎల్ఈడీ బల్బు వెనక ఫ్యాన్ ఉంటుంది కాబట్టి పాత రబ్బరు క్యాపు మూసుకోదు. దానికి వంటింటి కత్తెరతో సున్తీ చేస్తారు. వానాకాలం వచ్చాక ఆ కన్నంలోంచి నీళ్లు దిగి డూమ్ అక్వేరియం అవుతుంది. అది వచ్చే సీజన్ సంగతి. ఈ రాత్రికి మాత్రం గోడ తెల్లగా మెరిసింది, అంకుల్ చప్పట్లు కొట్టాడు, అప్‌గ్రేడ్ అయిపోయింది.

ఇంతకీ ఆ తీసి పారేసిన పాత బల్బు తక్కువదేం కాదు. ఐరోపాలో 1971లో పుట్టిన హెచ్4 జాతి. ఒకే గాజులో రెండు ఫిలమెంట్లు ఉంటాయి, ఒకటి హైబీమ్‌కి 60 వాట్లు, ఇంకోటి డిప్‌కి 55. డిప్ ఫిలమెంట్ కింద చిటికెన గోరంత లోహపు దొప్ప ఒకటుంటుంది. పైకి లేవబోయే వెలుగుని ఆ దొప్ప అడ్డుకుంటుంది. అందుకే లో బీమ్ గోడ మీద గీత గీసినట్టు ఒక ఎత్తులో ఆగిపోతుంది, మన ఎడమ పక్కన మాత్రం కాస్త పైకి లేచి ఫుట్‌పాత్ చూపిస్తుంది. పరావర్తకం వంపులన్నీ ఆ ఫిలమెంట్ ఎక్కడుందో చూసి మిల్లీమీటరు లెక్కన చెక్కినవి. అందులో చవక ఎల్ఈడీ దూరిస్తే చిప్పు ఆ చోట ఉండదు, వెలుగు దారి తప్పి ఆకాశానికీ చెట్లకీ, ముఖ్యంగా ఎదుటివాడి కనుగుడ్లకీ సమానంగా పంచబడుతుంది. సమసమాజం ఇంకెక్కడా రాలేదు గానీ హెడ్‌లైట్లో వచ్చేసింది.

గుడ్డివాడైన ఆ ఎదుటివాడు ఊరుకుంటాడా? మర్నాడు వాడూ రాణిగంజ్ వెళ్తాడు. నీది ఆరువేల కెల్విన్ అయితే వాడిది ఎనిమిదివేలు. పై వారానికి ఆటోకి నీలం, బుల్లెట్‌కి ఊదా, కాలేజీ కుర్రాడి స్కూటీకి పొగమంచు లైట్లు. హైదరాబాద్‌లో పొగమంచు ఎప్పుడు పడిందని అడక్కండి. అందరి బళ్ల ముందూ పట్టపగలే, అందరి కళ్ల ముందూ చీకటే.

పూర్వం మన పెద్దలు హెడ్‌లైటు అద్దం పై సగానికి నల్లరంగు పూసేవారు. తన వెలుగు అవతలివాడి కంట్లో పడకూడదని డబ్బిచ్చి మరీ వెలుగు తగ్గించుకున్న వెర్రిబాగులవాళ్లు! లారీల వెనక రాత్రి డిప్పర్ వాడమని రాయించుకున్నదీ ఆ కాలమే. ఆ రాత ఇప్పటికీ ఉంది. హైబీమ్ వెలుగులో అక్షరం అక్షరం స్పష్టంగా కనిపిస్తుంది.

2017 ఏప్రిల్ నుంచి కొత్త ద్విచక్ర వాహనాలకి పగలు కూడా లైటు దానంతటదే వెలుగుతోంది. అయినా ప్యారడైజ్ దగ్గర ప్రతి పాదచారీ అయిదువేళ్లూ తెరిచి మూసి 'లైట్ ఆన్‌లో ఉంది' అని హెచ్చరిస్తాడు. పగటి దీపం మీద ఇంత జాగ్రత్తున్న జాతికి రాత్రి హైబీమ్ దించమని చెప్పే వేళ్లు మాత్రం లేవలేదు. పైగా మనకి హైబీమ్ ఒక భాష. ఒకసారి మెరిపిస్తే 'నేనాగను', రెండుసార్లయితే 'నువ్వే ఆగు', ఆపకుండా వెలిగిస్తే 'మా బావ ఎవరో తెలుసా?'

నిజానికి పాత కారుకి అసలు జబ్బు బల్బులో లేదు, వైరులో ఉంది. సన్నటి తీగలు, మసిపట్టిన స్విచ్చు పాయింట్లు దాటుకుని బల్బు దగ్గరికొచ్చేసరికి కరెంటు చిక్కిపోతుంది. వోల్టేజీ పది శాతం పడితే వెలుగు దాదాపు ముప్ఫై శాతం పడిపోతుంది. ఆ నీరసపు వైరుకే 100 వాట్ల బల్బు తగిలిస్తే కప్లర్ కరిగి కమురు వాసన వస్తుంది. మందు తేలిక. బ్యాటరీ నెగెటివ్ ఊడదీసి, ఫ్యూజు పెట్టి, బ్యాటరీ నుంచి లావు వైరు లాగి రెండు రిలేలు వేయాలి. అప్పుడు స్విచ్చు హుకుం మాత్రమే ఇస్తుంది, బరువు రిలే మోస్తుంది. కొత్త బల్బు గాజుని వేలితో ముట్టుకోకూడదు. ప్లాస్టిక్ డూమ్ పచ్చబడితే వాటర్ పేపర్‌తో రుద్ది పాలిష్ చేసి, పైన యూవీ పూత వేయాలి. టూత్‌పేస్ట్ తళుకు మూణ్ణాళ్ల ముచ్చటే.

చివరగా గురి. పది మీటర్ల దూరంలో ఉన్న గోడ మీద లో బీమ్ గీత బల్బు ఎత్తుకన్నా సుమారు పది సెంటీమీటర్లు కిందికి ఉండాలి. పది మీటర్ల ఖాళీ, దాని చివర గోడ, మధ్యలో ఎవరి స్కూటరూ లేకపోవడం సికింద్రాబాద్‌లో పూర్వజన్మ సుకృతం. వెనక సీట్లో నలుగురు చుట్టాలు, డిక్కీలో బియ్యం బస్తా ఉంటే బండి ముక్కు లేచి డిప్ కూడా అప్పరే అవుతుందని మరవొద్దు.

ఇదంతా ఎవరూ చేయించరు. రిలే బానెట్ కింద ఉంటుంది, బామ్మర్దికి కనిపించదు.

చట్టం సంగతంటారా? తయారీదారు ఇచ్చిన రూపాన్ని ఇష్టం వచ్చినట్టు మార్చకూడదని 52వ సెక్షన్ అంటోంది. సుప్రీంకోర్టు 2019 జనవరిలో ఆ మాటే గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణలో ఒక్కో మార్పుకీ అయిదువేల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ అని రాశారు. రాత్రిపూట ఆ కాగితం చదవాలంటే మాత్రం ముందు హైబీమ్ దించాలి.

కాబట్టి అయ్యా, స్టీరింగ్ పక్కన ఒక కాడ ఉంది. కారుతో పాటు ఉచితంగా వచ్చింది. ఎదురుగా బండి కనబడగానే దాన్ని ఒక్కసారి కదపండి. మీ కారుకి ఇంట్లోనే చేసుకోదగ్గ మొదటి అప్‌గ్రేడ్ అదే. ఆ తర్వాత తీరిక ఉంటే రిలే వేయించుకోండి.