మూడు వైర్ల పంచాయితీ

బోరు చేయించాం, కొత్త పిస్టన్లు వేశాం, క్రాంకు బేరింగులు మార్చాం, ట్యాంకుకి రంగు కూడా కొట్టించాం. "ఇంకేముంది, ట్యూనింగే కదా!" అంటారు అందరూ. పెళ్లయిపోయింది, ఇక కాపురమే కదా అన్నట్టు.

నా బండి రాజ్‌దూత్ 350, జనం నోట్లో ఆర్డీ. అంటే రెండు సిలిండర్లు, రెండు కార్బొరేటర్లు. హ్యాండిల్ దగ్గర యాక్సిలేటర్ వైరు ఒక్కటే బయల్దేరుతుంది. ట్యాంకు కిందికి చేరాక మూడుగా చీలుతుంది. ఒకటి ఎడమ కార్బొరేటర్‌కి, ఒకటి కుడిదానికి, మూడోది ఆయిలు పంపుకి. నా చెయ్యి ఎంత తిరిగితే ముగ్గురికీ అంతే అందాలి. అందదు. ఎడమ స్లైడు ముందే లేచి కూర్చుంటుంది. కుడిది ఆలోచించుకుని లేస్తుంది. వాళ్లిద్దరి సంగతీ తేలాకే కదులుతానంటుంది పంపు. అది ఆలస్యమైతే ఆయిలు చాలదు, ఆయిలు చాలకపోతే పిస్టన్ పట్టేస్తుంది, పిస్టన్ పట్టేస్తే మళ్లీ బోరు.

సరిచేసే పద్ధతి వినడానికి సులువే. ఇంజను ఆపి, గాలి ఫిల్టరు రబ్బర్లు ఊడదీసి, రెండు కార్బొరేటర్ల నోళ్లలో చెరో వేలు పెట్టి స్లైడులకి ఆనించాలి. ఇంకొకరు యాక్సిలేటర్ మెల్లగా తిప్పాలి. రెండు వేళ్లకీ కదలిక ఒకేసారి తగలాలి. వెంట్రుకవాసి తేడా ఉంటే పైనున్న అడ్జస్టరు పిసరంత తిప్పాలి. తిప్పాను, కుదిరింది. ఇక లాక్ నట్టు బిగించాలి. బిగిస్తుంటే నట్టుతో పాటు అడ్జస్టరు కూడా తిరిగిపోయింది. కుదిరిందేదో కాస్తా పోయింది. కదలకుండా ఉంచడానికి పెట్టిన నట్టే కదిలిస్తుంటే ఎవరితో చెప్పుకోవాలి?

ఆటోనగర్ మేస్త్రితో చెప్పుకున్నాను. "కొత్త వైరు కదా సార్, సాగుద్ది. నడిపితే అదే సర్దుకుంటది" అన్నాడు. మూడు వైర్లూ మూడు రకాలుగా సాగితే అన్నాను. "రేపు రండి" అన్నాడు.

నడిపి చూశాను. బెంజి సర్కిల్ దగ్గర ఎడమకి తిరగబోయి హ్యాండిల్ తిప్పానో లేదో, చెయ్యి వెయ్యకుండానే బండి గావుకేక పెట్టింది. వైరు బిగుతుగా పోయిందిట, హ్యాండిల్ తిరిగితే అదే లాగేస్తుందిట. ట్రాఫిక్ కానిస్టేబుల్ నా వంక చూసిన చూపులో, ఈ వయసులో ఇదేం పోయేకాలం అన్న ప్రశ్న స్పష్టంగా ఉంది.

బండి పక్కకి తీసి ఆపితే చాలు, ఎవరో ఒకరు వచ్చేస్తారు. "ఆర్డీయేనాండీ? మా బాబాయికి ఉండేది."

ఈ బాబాయిల సంగతి తేల్చాలి. 1983లో యమహా లైసెన్సుతో ఎస్కార్ట్స్ వాళ్లు ఈ బండి తెచ్చినప్పుడు, పెట్రోలు తాగేస్తుందని జనం ఆమడదూరం పారిపోయారు. దాహం తగ్గించడానికి కంపెనీ 30.5 గుర్రాల శక్తిని 27కి దించి లోటార్క్ అని ఇంకోటి చేసింది. అదీ పెద్దగా పోలేదు. 1985లో హీరో హోండా వచ్చి, లీటరు పోసి మర్చిపొమ్మంది. దేశం అంతా అటు తిరిగింది. అమ్ముడుపోని బండి ఇన్ని లక్షలమంది బాబాయిల దగ్గరికి ఎలా చేరింది? వీళ్లందరికీ తలా ఒకటి ఇచ్చి ఉంటే ఫరీదాబాద్ ఊరు మొత్తం ఫ్యాక్టరీయే అయ్యుండేది. పోనీ, ఎక్కడుందండీ ఇప్పుడా బండి అంటే, "అమ్మేశారండీ" అంటారు. అందరి బాబాయిలూ అమ్మేశారు. కొన్న బాబాయి మాత్రం ఒక్కడూ లేడు. ప్రతి బాబాయిదీ ఆ మొదటి 30.5 గుర్రాల హైటార్కే. లోటార్క్ కొన్న బాబాయి ఇంతవరకూ నాకు తగల్లేదు. ప్రతి బాబాయీ హైదరాబాదు మూడు గంటల్లో వెళ్లినవాడే. అప్పటి రోడ్డు మీద, అప్పటి బ్రేకులతో, సూర్యాపేటలో టీ తాగి మరీ. ప్రతి పిన్నీ "బండి కావాలా, నేను కావాలా?" అని అడిగినదే. పిన్ని గెలిచింది కాబట్టే బండి పోయింది. ఈ కథలో ఇన్నాళ్లకి నాకు పిన్ని మీద గౌరవం పెరిగింది.

బాబాయి కథ ముగించి, వెళ్తూ వెళ్తూ ఆ వచ్చినాయన చెవి ఒగ్గుతాడు. "ఎడమది కాస్త తేడాగా కొడుతోందండీ" అని చెప్పి పోతాడు.

కొడుతోందని నాకూ తెలుసు. రెండు సైలెన్సర్ల వెనక చెరో అరచెయ్యి పెడితే ఎడమది దబదబా తగులుతుంది, కుడిది దగ్గుతుంది. వైర్లు ముప్పావు వంతు దోషులైతే మిగతా పావు పెట్రోలుది. ఇప్పుడు బంకులో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. ఇథనాల్‌లో ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి మిశ్రమం పలచబడుతుంది. కాఫీ రంగులో ఉండాల్సిన ప్లగ్గు సున్నం కొట్టినట్టు వస్తుంది. అందుకని పెద్ద జెట్టు వెయ్యాలి. పాత రబ్బర్లకి ఈ సరుకు పడదు, అవీ మార్చాలి. ఇక వైర్లంటారా, "అచ్చం ఒరిజినలే సార్" అని అమ్మే సెట్టులో రెండు కార్బొరేటర్ల వైర్లూ ఒకే పొడవు ఉండవు. పక్కపక్కన పెట్టి చూపించాను. "అడ్జస్టరు ఉంది కదా సార్" అన్నాడు కొట్టువాడు.

మేస్త్రి "రేపు రండి" అన్నప్పుడల్లా ఒళ్లు మండాలి. ఈ మధ్య మండటం లేదు. ఈ బండి మీద బందరు బీచికి వెళ్లాలని కాలేజీలో ఒక జట్టుగా అనుకున్నాం, బండి కొనే స్తోమత ఒక్కడికీ లేని రోజుల్లో. ఆ జట్టులో ఇద్దరు డల్లాస్‌లో స్థిరపడ్డారు. ఒకడు మోకాళ్లు మార్పించుకున్నాడు. వెనక సీటు నాదేనని ముందే ఖాయం చేసుకున్నవాడు కరోనా రెండో విడతలో పోయాడు. ట్యూనింగ్ కుదరనంతకాలం ఆ ప్రయాణం వాయిదా పడిందని అనుకోవచ్చు. కుదిరిందంటే ఒక్కణ్ణే వెళ్లాలి.

ఈ సంగతి మేస్త్రికి చెప్పలేదు. తెలిస్తే రేపులకి కూడా లేబర్ ఛార్జీ వేస్తాడు.