కరుస్తదా సార్?

రైల్వేవారి లెక్కలో కుక్క రెండే హోదాల్లో ప్రయాణం చేయగలదు. ఫస్ట్ ఏసీలో కూపే మొత్తం మనమే బుక్ చేసుకుంటే జమీందారు హోదా. అంత స్తోమత లేకపోతే గార్డుగారి బ్రేక్‌వ్యాన్‌లో డాగ్ బాక్సు, అంటే పార్సిలు హోదా. మధ్యతరగతి కుక్కకు స్లీపరనీ థర్డ్ ఏసీ అనీ ఏమీ లేవు. పోనీ బస్సు ఎక్కుదామా అంటే, 2022లో గోదావరిఖని నుంచి కరీంనగర్ పోయే ఆర్టీసీ బస్సులో ఒకాయన గుడ్డ కింద దాచుకున్న కోడిపుంజుకు కండక్టరు 30 రూపాయల టికెట్ కొట్టిన సంగతి పేపర్లలో చదివాం. కోడి కాబట్టి దాగింది. 22 కిలోల సింబాను దాచాలంటే పెళ్లిపందిరి గుడ్డ కావాలి.

సింబా మా అమ్మాయి కుక్క. నల్లకుంట కూరగాయల మార్కెట్టు వెనక వానలో తడుస్తుంటే చున్నీలో చుట్టి తెచ్చింది. ఆ తర్వాత ఎమ్మెస్‌కని డాలస్ వెళ్లింది, అక్కడే ఉద్యోగం, అక్కడే కాపురం. పిల్లలు అమెరికాలో ఉన్న ఇళ్లలో సాధారణంగా రెండు మిగులుతాయి, ట్రెడ్‌మిల్లూ కుక్కా. ట్రెడ్‌మిల్లు మీద కనీసం బట్టలు ఆరేసుకోవచ్చు. ఇప్పుడు అమ్మాయి పురిటికని మా ఆవిడ కూడా రెండు సూట్‌కేసుల పచ్చళ్లతో డాలస్ వెళ్లింది. సరిగ్గా అప్పుడే విశాఖలో మా అక్క గృహప్రవేశం పెట్టుకుంది.

కుక్కల హాస్టలుకు ఫోన్ చేశాను. వాళ్లు పంపిన ఫారం చాలా పెద్దది. రాత్రిపూట ఏ సంగీతం వింటూ నిద్రపోతాడు? ఉరుములంటే భయమా? ఆడకుక్కలతో ప్రవర్తన ఎలా ఉంటుంది? మా అమ్మాయిని ఎంసెట్ హాస్టల్లో వేసినప్పుడు కూడా ఇన్ని అడగలేదు, అక్కడ ఒకటే ప్రశ్న, ఫీజు ఒకేసారి కడతారా అని. చివరి పేజీలో రోజువారీ రేటు చూసి ఫారం మూసేశాను.

అలా కారు తేలింది. హైదరాబాదు నుంచి విజయవాడ దాకా 65వ నంబరు జాతీయ రహదారి, అక్కణ్నుంచి 16వ నంబరు, మొత్తం కాస్త అటూ ఇటూగా 620 కిలోమీటర్లు. "ఒక్కడివే ఎలా పోతావయ్యా" అన్నవాళ్లందరి ముందూ దిగులు మొహం పెట్టాను గానీ లోపల పండగే. ఏసీ ఎంత పెట్టాలో, ఏ లారీని దాటాలో, ఎక్కడ టీ తాగాలో చెప్పేవాళ్లు లేని ప్రయాణం నాకు పెళ్లయ్యాక ఇదే. పెన్‌డ్రైవ్ నిండా ఘంటసాల. పక్కన నోరులేని జీవం. ఇంకేం కావాలి?

ఆ మౌనం ఎల్బీనగర్ దాటలేదు. సింబా ముందు సీటు తప్ప ఎక్కనన్నాడు. ఆ సీటు కింద ఒక సెన్సరు ఉంటుంది. బరువు తగిలితే మనిషే కూర్చున్నాడని దాని నమ్మకం, బెల్టు పెట్టుకోలేదని టింగు టింగుమంటుంది. గట్టిగా మొరిగితే టింగు భయపడి ఆగుతుందని సింబా నమ్మకం. ఇద్దరూ నమ్మకంలో గట్టివాళ్లు. హయత్‌నగర్ దగ్గర ఆపి, బెల్టు నాలుకను క్లిప్పులో గుచ్చి, వాడి ఛాతీపట్టీని దానికి తగిలించేసరికి ఘంటసాల మూడు పాటలు వృథాగా పాడేసి ఉన్నాడు.

చౌటుప్పల్ దగ్గర వాడికి అసలు పని దొరికింది. జాతీయ రహదారి మీద కిలోమీటరు రాళ్లకు నెత్తిన పసుపురంగు వేస్తారని మీకు తెలిసే ఉంటుంది, రాష్ట్ర రహదారికైతే ఆకుపచ్చ. కుక్కల కళ్లకు మనకున్నన్ని రంగులు ఆనవు, బాగా ఆనే ఒకటి రెంటిలో పసుపు ఒకటి. రాయి తగిన ఎత్తులో ఉండటం, నెత్తిన పసుపు మెరవడం, అంతకుముందు ఏ నార్కట్‌పల్లి కుక్కో అక్కడ సంతకం పెట్టి ఉండటం, ఈ మూడూ కలిస్తే మన సింబా సంతకం పెట్టకుండా ఎలా ఉంటాడు? టీకి ఆపినా, ఫోనుకు ఆపినా, ముందు రాయి దగ్గరికి లాక్కుపోయేవాడు. తనిఖీకి బయల్దేరిన ఇంజనీరుగారు కూడా రహదారిని అంత శ్రద్ధగా చూసి ఉండరు. కోదాడ ఎంత దూరమని నేను రాయి వైపు వంగి చదివే లోపల వాడు కాలెత్తేవాడు.

సూర్యాపేటలో టీ కోసం ఆగాను. కుక్కతో దిగిన మనిషికి టీ కన్నా ముందు ప్రశ్నలు వస్తాయి. అవి మూడే, ఎప్పుడూ అదే వరసలో. "కరుస్తదా సార్?" "ఏం జాతి?" "ఎంతకు కొన్నరు?" నా పేరేమిటని గానీ, ఎక్కడికి పోతున్నానని గానీ ఒక్కడు అడగలేదు. నేను సింబాగారి డ్రైవర్నని అందరికీ ఎలా తెలిసిందో!

కరవడని మొదటి ప్రశ్నకు చెప్పగలను. రెండోదానికి "ఊరకుక్కే" అంటే టీకొట్టు మొత్తం నావైపు జాలిగా చూసింది. ఊరకుక్కకు ఛాతీపట్టీ, ఊరకుక్కకు ఏసీ, ఊరకుక్కకు బిస్లరీ నీళ్లు! ఒక పెద్దాయనైతే "మా ఊర్ల యాభై ఉన్నయి, తీస్కపో" అని ఉదారంగా ఆఫరు ఇచ్చాడు. దాంతో పక్క హోటలు దగ్గర అదే ప్రశ్న ఎదురైనప్పుడు నా నోటి నుంచి దానంతటదే వచ్చింది. "నల్లకుంట రిట్రీవర్." ఒక్క క్షణం నిశ్శబ్దం. తర్వాత ఒక కుర్రాడు తలూపుతూ పక్కవాడితో అన్నాడు, "విన్నా అన్నా, మస్తు కాస్ట్లీ జాతి అది. మా బావమర్ది దోస్తు దగ్గర ఉండె." ముప్పై వేలుంటదా అని మూడోది అడిగాడు. నేను గంభీరంగా టీ తాగాను. ఆ గంభీరాన్ని వాళ్లు నలభై వేలకు లెక్క కట్టారని తర్వాత అర్థమైంది.

ఇక ఒంటరిగా కుక్కతో పోయేవాడి అసలు కష్టం ఎవరూ చెప్పనిది. మీరు బాత్రూముకు వెళ్లాలి. గొలుసు ఎవరు పట్టుకుంటారు? కారులో వదలకూడదు. బయట 25 డిగ్రీలే ఉన్నా, అద్దాలు మూసి ఎండలో నిలబెట్టిన కారు అరగంటలో 40 దాటిపోతుంది. కుక్కకు మనకు పట్టినట్టు ఒళ్లంతా చెమట పట్టదు, నాలుక బయటపెట్టి ఒగర్చడం ఒక్కటే వాడి ఏసీ. సెక్యూరిటీ గార్డు తన డ్యూటీలో కుక్కలు లేవన్నాడు. పరోటా మాస్టరు ఒప్పుకున్నాడు గానీ, ఆయన చేతికున్న నూనె వాసనకు సింబా ఆయన్ను తినేలా చూశాడు. చివరికి ఇద్దరం కలిసే లోపలికి వెళ్లాం. ఇరుకు గది. కుక్క తల తిప్పుకోదు. ఇన్నేళ్లూ రోజుకు రెండుపూటలా వాడు పని కానిస్తుంటే నేను గొలుసు పట్టుకుని పక్కన నిలబడి చూస్తూనే ఉన్నాను కదా, ఆ రుణం సూర్యాపేటలో తీర్చుకున్నాడు.

కుక్కతో కారెక్కిన మనిషి సంగతి లోకమంతటా ఇంతేనని ఆ దారిలో నాకొక ఓదార్పు దొరికింది. 1903లో హొరేషియో నెల్సన్ జాక్సన్ అనే డాక్టరు 50 డాలర్ల పందెం కాసి శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి న్యూయార్కుకు కారులో బయల్దేరాడు. అమెరికాను ఆ కొస నుంచి ఈ కొసకు కారులో దాటడం అదే మొదటిసారి. వెంట క్రాకర్ అనే మెకానిక్కు. దారిలో ఐడహోలో బడ్ అనే కుక్కను ఎక్కించుకున్నారు, దుమ్ముకు దాని కళ్లు మండుతున్నాయని కళ్లజోడు కూడా పెట్టారు. 63 రోజుల్లో చేరారు. ఆ దారంతా బురదలోంచి బండి లాగి, విరిగినవన్నీ అతికించిన క్రాకర్ ఎవరికీ గుర్తులేడు. బడ్ కళ్లజోడు మాత్రం వాషింగ్టన్‌లో స్మిత్సోనియన్ వారి మ్యూజియంలో ఉంది. 1960లో చార్లీ అనే పూడిల్‌ను వెంటబెట్టుకుని దేశం చుట్టి వచ్చిన జాన్ స్టైన్‌బెక్ ఆ కథను 1962లో పుస్తకంగా వేస్తే, దాని పేరు 'ట్రావెల్స్ విత్ చార్లీ'. అదే ఏడాది నోబెల్ బహుమతి వచ్చినాయనకే అట్ట మీద కుక్కతో పాటు చోటు పంచుకోక తప్పలేదు, ఇక రిటైర్డ్ లెక్చరర్ని నేనెంత?

కోదాడ దాటి ఆంధ్రాలో అడుగుపెట్టాక ప్రశ్న మారలేదు, యాస మారింది. నందిగామలో "కరుసుద్దా అండీ?" అన్నారు. విజయవాడలో కనకదుర్గ ఫ్లైఓవరు ఎక్కితే ఎడమవైపు కొండ, కుడివైపు కృష్ణ. నేను నదిని చూస్తున్నానా, సింబా వెనక వచ్చే బైకు మీది చేపలబుట్టను చూస్తున్నాడా, ఎవరి దర్శనం వారిది. ఏలూరు, తాడేపల్లిగూడెం తొందరగా దాటేశాం, చెప్పుకోవడానికేమీ లేదు, సింబా నిద్రపోయాడు. ఆ కాసేపే ఘంటసాల పూర్తిగా పాడాడు.

రావులపాలెం రాగానే అరటిపండ్ల వాసనకు లేచాడు. రోడ్డు పక్క గెలలు వేలాడదీసిన ఒక ముసలాయన సింబాను పైనుంచి కిందికి చూసి, "కరుస్తాదేటండీ?" అన్నాడు. కరవడన్నాను. "మరెందుకండీ ఇంత దూరం మోసుకొచ్చారు?" అని తనలో తాను నవ్వుకుని, ఒక పండు ఒలిచి పెట్టాడు. సింబా మింగేశాడు. రెండోది పెట్టాడు. "ఆయ్, మీ వాడికి టేస్టు తెలుసండి" అని డజను నా చేత కొనిపించాడు. గోదావరి జిల్లాల్లో వ్యాపారం మనిషిని ఒప్పించి చేయరు, వాడి కుక్కను ఒప్పించి చేస్తారు.

చీకటిపడేసరికి రాజమండ్రి. ఇక్కడే భారతం మొదలైంది. నిజానికి భారతమే కుక్కతో మొదలవుతుంది. జనమేజయుడు యాగం చేస్తుంటే ఆయన తమ్ముళ్లు సరమ అనే దేవశునకం పిల్లను కొట్టి తరిమారు, ఆవిడ శపించింది. చివరికొచ్చేసరికి మహాప్రస్థానంలో ధర్మరాజు వెంట ఒక కుక్క మిగిలింది. ఇంద్రుడు రథం తెచ్చి, కుక్కకు స్వర్గంలో చోటు లేదన్నాడు. కుక్క లేకపోతే నేనూ రానన్నాడు ధర్మరాజు. తెలుగువాళ్లకు తెలిసినంతలో రిసెప్షన్ దగ్గర ఈ గొడవ పెట్టుకుని గెలిచిన మొదటి కస్టమరు ఆయనే. ఒక లాడ్జిలో నేను ఈ కథంతా రిసెప్షన్ కుర్రాడికి చెప్పాను. వాడు ఓపిగ్గా విని, "ధర్మరాజుగారు స్వర్గానికెళ్లారండి, అక్కడ చెకవుట్ లేదు. మీరు పొద్దున్నే వెళ్లిపోతారు, దుప్పట్లు మేం ఉతుక్కోవాలండి" అన్నాడు. అంత న్యాయమైన మాటకు నా దగ్గర పర్వం లేదు.

ఇంకా కొందరు ఇంద్రులయ్యాక ఒక పాత లాడ్జి యజమాని ఒప్పుకున్నాడు. ఆయన సింబాను చూడలేదు, రిజిస్టరు చూశాడు. "ఇద్దరండీ?" అన్నాడు. అదనపు మనిషి కింద రాయించాడు. పేరు సింబా. తండ్రి పేరు దగ్గర నా పేరు రాస్తే చదువుకుని అభ్యంతరం చెప్పలేదు. వచ్చిన పని, గృహప్రవేశం. అదనపు మనిషికి అదనపు పరుపు వేశారు. దాని మీద నేను పడుకున్నాను. పడుకోబోతుంటే డాలస్ నుంచి వీడియో కాల్. "ఫోన్ అలా పెట్టకండి, మీరే కనిపిస్తున్నారు, వాణ్ణి చూపించండి" అంది మా ఆవిడ. మంచం మీద దిండుకు తల ఆనించి పడుకున్న కొడుకును చూసి, చిక్కిపోయాడని బాధపడింది.

మర్నాడు అన్నవరం కొండకు కారులోంచే దణ్ణం పెట్టుకుని, తుని, అనకాపల్లి దాటి విశాఖ చేరాం. అక్క గేటు దగ్గరే ఆపేసింది. "ఒరే, లోపల మడిగా వంట అవుతోంది, పురోహితులొచ్చే వేళ. వాడు వరండా దాటితే ఊరుకోను." సరేనన్నాను. గేటు తీశాను. ఎదురుగా కొత్త ఇల్లు, కొత్త గడప, గడప నిండా నిగనిగలాడే పసుపు.

సింబా ఆగి చూశాడు. హైదరాబాదు నుంచి ఇక్కడి దాకా వాడు నేర్చుకున్న విద్య అంతా ఆ చూపులో ఉంది. తల వంచాడు, వాసన పట్టాడు, గొలుసు నా చేతిలోంచి లాగేసుకుని నడక అందుకున్నాడు. వాణ్ణి ఎక్కించుకున్న ఏ డ్రైవరుకైనా ఆ నడక అర్థం తెలుస్తుంది. నా నోట మాట రాలేదు. మా బావగారు పోర్టులో పనిచేసి రిటైరైన మనిషి, జన్మలో ఎన్నడూ తొందరపడి ఎరగరు. అలాంటాయన పడక్కుర్చీలోంచి లేచి రెండంగల్లో వచ్చి, గడపకు జానెడు దూరంలో 22 కిలోల సింబాను గాల్లోకి ఎత్తేశారు. ఆయన మీద సింబాకు ప్రేమ, ఆయనకు నడుంనొప్పి, రెండూ ఒకేసారి పుట్టాయి. గృహప్రవేశం అయినంతసేపూ ఆయన వేడినీళ్ల సంచితో పడక్కుర్చీలో, వాడు ఆయన కాళ్ల దగ్గర.

వచ్చిన చుట్టాలు ఒక్కరూ అక్క వేయించిన ఇటాలియన్ మార్బుల్ వైపు చూడలేదు. చెప్పులు విప్పుతూనే "కరిసెత్తాదేటి బాబూ?" అని నన్నడిగి, కరవడని తెలిశాక వరండాలోనే కూర్చుండిపోయారు. పులిహోర కూడా అక్కడికే తెప్పించుకున్నారు. అక్క రెండుసార్లు మార్బుల్ రేటు పైకి చెప్పింది, ఎవరూ వినలేదు.

మర్నాడు పొద్దున్న పెరట్లో పళ్లు తోముకుంటుంటే గోడ దగ్గర అక్క గొంతు వినిపించింది. పక్కింటావిడకు చెబుతోంది. "మా తమ్ముడిదండీ. నల్లకుంట రిట్రీవరట. ఎక్కడపడితే అక్కడ దొరకవట ఇవి."

"చూస్తేనే తెలిసిపోతోందండీ, ఆ ముక్కు తీరు వేరు" అంది పక్కింటావిడ. "ఎప్పుడైనా పిల్లలుంటే మాకోటి చెప్పండి. డబ్బుదేముందండీ."

"చెప్పిస్తాలెండి," అంది అక్క. "కాకపోతే వెయిటింగ్ లిస్టుంటుందట."