మనం చిక్కాలి, గంబో చిక్కబడాలి

లూసియానాలో ఎవరినీ "గంబో తొందరగా అయ్యే పద్ధతేమైనా ఉందా అండీ?" అని అడక్కండి. కసురుకోరు, మర్యాదస్తులు. కుర్చీ చూపించి, వాళ్ల నాయనమ్మ గురించి చెప్పడం మొదలుపెడతారు. ఆవిడ పెళ్లి దాకా వచ్చేసరికి పిండి వేగుతుంది, మునిమనవల దాకా వచ్చేసరికి గంబో ఉడుకుతుంది. మీకంత తీరిక లేదు. ఆఫీసు నుంచి ఆరున్నరకి ఇల్లు చేరాలి, ఏడున్నరకి తినాలి, ఎనిమిదికి హైదరాబాద్ వాళ్లతో కాల్. పైగా డాక్టరు రక్తంలో చక్కెర సంగతి చెప్పే మీ ఏ1సీ అంకె కింద గీత గీసి, కార్బ్స్ తగ్గించమన్నారు. ఉండేది హ్యూస్టన్ కాబట్టి ఏదో లాంగ్ వీకెండ్‌కి ఐ-10 హైవే పట్టుకుని తూర్పుకి పోయారు, న్యూ ఆర్లీన్స్‌లో గంబో తిన్నారు, ఆ రుచి నాలిక వదలడం లేదు. ఈ సూచనలు మీకోసమే.

ముందు అసలు గంబోలో ఏముంటుందో చూసి, ఏమేం కొట్టేయాలో నిర్ణయిద్దాం. నూనె, గోధుమపిండి సమపాళ్లలో తీసుకుని సన్నసెగ మీద ముదురు రంగు వచ్చేదాకా వేయిస్తారు. దాన్ని 'రూ' అంటారు. అందులో ఉల్లిపాయ, సెలెరీ, పచ్చ బెల్ పెప్పర్ వేసి మగ్గిస్తారు. ఈ మూడింటికీ అక్కడ 'హోలీ ట్రినిటీ' అని పేరు, అంత భక్తి. తర్వాత స్టాక్, పొగబెట్టిన ఆండూయీ సాసేజ్, కోడో రొయ్యలో పీతలో. చిక్కదనానికి బెండకాయగానీ, ససాఫ్రాస్ చెట్టు ఆకుల పొడిగానీ. ఇదంతా అన్నం మీద పోసుకుంటారు. 2004లో లూసియానా శాసనసభ గంబోని రాష్ట్ర అధికారిక వంటకంగా చట్టంలో ఎక్కించింది. కాబట్టి మీరు చేయబోయేది నేరం కాదుగానీ, నేరానికి పక్కింట్లో ఉంటుంది.

ఇప్పుడు కొట్టేయండి. కార్బ్స్ ఉన్నాయి కనక పిండి వద్దు. అన్నం అసలే వద్దు. టైమ్ లేదు కనక ఉడకడం వద్దు. మిగిలినదాన్ని అమెరికాలో జలుబు చేసినవాళ్లకి పెడతారు.

నిరుత్సాహపడొద్దు, టైమ్ సంగతి ముందు తేల్చుకుందాం. పద్ధతిగా చేస్తే రూ దగ్గర ముప్పావుగంట, గంట నిలబడాలి. లూసియానా వంటవాళ్లు దాన్ని రంగుల్లో కొలుస్తారు: వేరుశెనగ వెన్న రంగు, రాగి పైసా రంగు, చివరికి చాక్లెట్ రంగు. రాగికీ చాక్లెట్‌కీ మధ్య ఎక్కడో మీ ఫోన్ మోగుతుంది. ఎత్తితే గిన్నెలో నల్లచుక్కలు పడతాయి. నల్లచుక్కలు పడ్డ రూని బాగుచేసే ఉపాయం ఎవరి దగ్గరా లేదు, పారబోసి మళ్లీ మొదలుపెట్టడమే.

దీనికి అడ్డదారి వేసినవాడు అల్లాటప్పా మనిషి కాదు, పాల్ ప్రుడోమ్. ఒపెలూసస్ వైపు రైతు కుటుంబంలో పుట్టి, 1979లో న్యూ ఆర్లీన్స్ ఫ్రెంచ్ క్వార్టర్‌లో కె-పాల్స్ లూసియానా కిచెన్ తెరిచి, 1984లో వంటపుస్తకం రాసి, లూసియానా కేజున్ ప్రజల వంటని అమెరికా అంతా ఎగబడి తినేలా చేసినవాడు. ఆయన పద్ధతి ఇంతే: నూనెని పొగలొచ్చేదాకా కాచడం, పిండిని కొద్దికొద్దిగా పోస్తూ విస్క్‌తో ఆగకుండా తిప్పడం. గంట పని నిమిషాల్లో అయిపోతుంది. ఒక్క చుక్క చేతిమీద పడితే చర్మానికి అతుక్కుని కాలుస్తూనే ఉంటుంది, అందుకే దాన్ని 'కేజున్ నాపామ్' అంటారు. ఎనిమిదింటి కాల్‌లో కెమెరా ఆన్ చేయాల్సి ఉంటే ఫుల్‌హ్యాండ్స్ చొక్కా తొడుక్కోండి. అపార్ట్‌మెంట్‌లో స్మోక్ అలారం ఎక్కడుందో ముందే చూసిపెట్టుకోండి. మరిచిపోయినా ఫర్వాలేదు, అదే చెప్తుంది.

ఇదీ వద్దంటే లూసియానా కొట్లలో రూ సీసాల్లో దొరుకుతుంది. అవును, ఆ నాయనమ్మల రాష్ట్రంలోనే. వాళ్లూ కొంటారు. ఇంటికెళ్లాక లేబుల్‌ని గోడవైపు తిప్పి పెట్టుకుంటారని నా అనుమానం.

ఇక కార్బ్స్ యుద్ధం. గోధుమపిండి బదులు బాదంపిండి తీసుకోండి, కార్బ్స్ మానేసే కీటో వంటల్లో దానికి సాటి లేదంటారు. నూనెలో వేయగానే రంగు మారుతుంది. ఆ సంబరంలో మీరుండగానే మాడుతుంది. మాడకముందే దింపగలిగితే స్టాక్ పోయండి. చిక్కబడదు. స్టార్చ్ లేదనే కదా దాన్ని తెచ్చుకున్నారు, చిక్కబరిచేది ఆ స్టార్చే మరి. అడుగున బాదం ఇసుక, మధ్యలో నీళ్లు, పైన నూనె, మూడంతస్తులు స్పష్టంగా కనిపిస్తాయి. కొబ్బరిపిండి వేస్తే ఈ గొడవ ఉండదు. గిన్నెలో నీళ్లన్నీ అదే తాగేస్తుంది, మీ గంబో లూసియానా వదిలి కేరళ దారి పడుతుంది.

అప్పుడు శాంథాన్ గమ్ బయటికి తీయండి. ఇది కీటో వంటవాళ్ల బ్రహ్మాస్త్రం. శాంథోమోనాస్ కాంపెస్ట్రిస్ అని ఒక బ్యాక్టీరియా ఉంది, తోటలో క్యాబేజీకి నల్లకుళ్లు తెగులు తెచ్చేది అదే. దానికి చక్కెర తినిపించి పులియబెడితే జిగురు తయారుచేస్తుంది. అమెరికా వ్యవసాయ శాఖవారి పియోరియా ప్రయోగశాలలో ఆలీన్ జీన్స్, ఆమె తోటి శాస్త్రజ్ఞులు దీని సంగతి తేల్చారు. సీసాలో అమ్మే సలాడ్ డ్రెస్సింగుల్లో ఇది మామూలే, భయపడాల్సిందేమీ లేదు. చిటికెడు చాలు అని రాసి ఉంటుంది. చిటికెడుతో ఏమవుతుందని మీరు చెంచా వేస్తారు. గరిటె ఎత్తితే గంబో కూడా గరిటెతోపాటు లేస్తుంది.

ఆగి ఒక్కసారి ఆలోచించండి. పిండిని తప్పించుకోవడానికి బ్యాక్టీరియా చేత జిగురు చేయించాం. పుట్టుకతోనే జిగురున్న కాయ మాత్రం ఇండియన్ స్టోర్ సంచిలో, ఫ్రీజర్‌లో, మన వేపుడు కోసం ఎదురుచూస్తూ ఉంది.

అసలు ఇంత కక్ష ఎవరిమీద? అరకప్పు గోధుమపిండితో చేసిన రూ ఎనిమిదిమందికి సరిపడా గంబోకి చాలు. అరకప్పు పిండిలో కార్బ్స్ దాదాపు 48 గ్రాములు. ఎనిమిది గిన్నెలకి పంచితే ఒక్కో గిన్నెకి 6 గ్రాములు. అదే గిన్నెలో వడ్డించే ఒక కప్పు అన్నంలో 45 గ్రాములు. దొంగ అన్నం, జైల్లో పడింది రూ. ఇంకా విడ్డూరం చెప్పనా? అదే కుండలో వేసిన రెండు పెద్ద ఉల్లిపాయల్లో 27, 28 గ్రాముల కార్బ్స్ ఉంటాయి, పిండిలో ఉన్నదాంట్లో సగానికి పైనే. ఉల్లిపాయని ఎవరైనా ఒక్క మాట అన్నారా? అనరు. అది కూరగాయ వేషంలో ఉంటుంది.

పైగా రూ ముదిరేకొద్దీ దానిలోని స్టార్చ్ విరిగిపోతుంది. చాక్లెట్ రంగుకొచ్చిన రూ గంబోని చిక్కబరిచేది తక్కువ. అది వచ్చేది రుచికోసం, రంగుకోసం, ఇల్లంతా పట్టుకునే ఆ మాడీ మాడని వాసనకోసం. చిక్కదనం బాధ్యత ఇద్దరు పాతకాపులు మోస్తున్నారు. ఒకటి బెండకాయ. పశ్చిమ ఆఫ్రికా నుంచి బానిసలుగా పట్టుకొచ్చినవాళ్లతో అది లూసియానా చేరింది. రెండోది ఫిలే, ససాఫ్రాస్ ఆకులు ఎండబెట్టి దంచిన పొడి. ఆ నేల మీద ముందునుంచీ ఉన్న చొక్టా ప్రజలు దీన్ని వాడేవారు. ఫ్రెంచివాళ్ల రూ వీటికి తోడుగా వచ్చి చేరింది. బెండకాయకీ ఫిలేకీ గోధుమపిండి అక్కర్లేదు. మీరు ఇంటర్నెట్‌లో రాత్రంతా వెతికిన లో కార్బ్ గంబోని ఆ ఇద్దరూ కీటో అన్న మాట పుట్టకముందే వండిపెట్టారు.

కాబట్టి బెండకాయలు తీయండి. వంద గ్రాములకి కార్బ్స్ 7 గ్రాములే, అందులోనూ సగానికి కాస్త తక్కువ పీచే. తెలుగింట్లో బెండకాయ వండటమంటే జిగురుతో యుద్ధం: కడిగి తుడిచి ఆరబెట్టాలి, మూత పెట్టకూడదు, ఉప్పు చివర్లో వేయాలి. ఈ నియమాలన్నీ తప్పి మీ బెండకాయ వేపుడు ఎప్పుడూ సాగుతూనే ఉంటుందా? సిగ్గుపడకండి, మీరు లూసియానాలో పుట్టాల్సినవారు. ఇక్కడ మనకి ఆ జిగురే కావాలి. మరీ ఎక్కువనిపిస్తే ముక్కల్ని విడిగా కాస్త వేయించి వేసుకోండి, అక్కడివాళ్లూ అదే చేస్తారు. ఈ ఘట్టంలో మీ కుడిచేయి తనంతట తానే చింతపండు డబ్బా వైపు వెళ్తుంది. దాన్ని ఎడమచేత్తో పట్టుకోండి. రసం పిండితే వచ్చేది బెండకాయ రొయ్యల పులుసు. బ్రహ్మాండంగా ఉంటుంది. గంబో కోసం మళ్లీ రేపు మొదలుపెట్టాలి.

ఫిలే వాడదలిస్తే స్టవ్ కట్టేశాకే చల్లండి. మరుగుతున్నదాంట్లో వేస్తే తీగలు సాగుతుంది. బెండకాయా ఫిలే రెండూ ఒకే కుండలో వేయకూడదని పెద్దలంటారు. మీరు వేస్తారని నాకు తెలుసు. చెంచా నిలబడితే అది విజయం అనుకోండి.

సాసేజ్ గురించి ఎక్కువ చెప్పను. లాప్లేస్ అనే ఊరు ఆండూయీకి ప్రపంచ రాజధానిని అని చెప్పుకుంటుంది. అక్కడిది దొరికితే అదృష్టం, దొరక్కపోతే పొగబెట్టిన ఏ సాసేజయినా సరే. లేబుల్ మాత్రం చదవండి. బాదంపిండితో అంత యుద్ధం చేసి కార్న్ సిరప్ కలిపిన సాసేజ్ తెచ్చుకునేవాళ్లు ఉంటారు.

అన్నం దగ్గరికొచ్చాం. తెలుగువాడికి ఇక్కడ ఏ గైడూ పనికిరాదు. కాలీఫ్లవర్ తురిమి, నీళ్లు పిండి, పెనం మీద పొడిపొడిగా చేసి, దానికి 'కాలీఫ్లవర్ రైస్' అని పేరు పెట్టడం నాగరిక ప్రపంచం ఒప్పుకున్న మోసం. వీడియో కాల్‌లో అత్తగారు చూస్తున్నప్పుడు వడ్డించుకోవద్దు.

"అన్నం ఏదమ్మా?"

"ఇదే అత్తయ్యా. కాలీఫ్లవర్, తురిమి..."

"కూర సంగతి అడగలేదే, అన్నం ఏదీ అని."

కేజున్ పల్లెల్లో కొందరు అన్నం మానేసి గంబోలో బంగాళాదుంప సలాడ్ వేసుకుంటారు. ఇది విని ఉత్సాహపడకండి. మీరు పెనం మీంచి పొయ్యిలో పడ్డారు.

ఎవరికి వడ్డించాలన్నది ముఖ్యమైన విషయం. 2016లో డిస్నీ సంస్థ తమ సినిమాలోని యువరాణి టియానా పేరుమీద ఆరోగ్యకరమైన గంబో అంటూ ఒక వంట వీడియో పెట్టింది. కేల్ ఆకు, క్వినోవా వేశారు, రూ లేదు. లూసియానా మండిపడింది, వీడియో వెనక్కి తీసుకున్నారు. ఉడికిన క్వినోవా కప్పుకి 39 గ్రాముల కార్బ్స్ అని ఆ కోపంలో ఎవరూ లెక్క చూడలేదనుకుంటా. ఆ టియానా పాత్రకి స్ఫూర్తి న్యూ ఆర్లీన్స్ డూకీ చేజ్ రెస్టారెంట్ వంటగదిని దశాబ్దాలపాటు ఏలిన లియా చేజ్. 96 ఏళ్లు బతికి 2019లో పోయారు. తను వండిన గంబోని బరాక్ ఒబామా రుచి చూడకుండానే హాట్ సాస్ వేసుకున్నాడని కోప్పడిన పెద్దావిడ. ఆకుకూరల్లేవని ఆమె వంటకి ఎవరూ వంకపెట్టలేరు. ఈస్టర్ ముందు గురువారం ఆమె వండుతూ వచ్చిన గంబో జెర్బ్‌లో కాలర్డ్, ఆవాకు, టర్నిప్ ఆకు లాంటివి బేసిసంఖ్యలో వేయాలన్నది నియమం. ఎన్ని ఆకులేస్తే ఏడాదిలో అంతమంది కొత్త స్నేహితులు దొరుకుతారట. మీరు డిస్నీవారి కేల్ దారిలో వెళ్తే ఉన్నవాళ్లు కూడా తగ్గుతారు. కాబట్టి మీ ప్రయోగాన్ని మొదట గంబో ఎప్పుడూ తినని డెలావేర్ బావమరిదికి పెట్టండి. బాటన్ రూజ్ నుంచి వచ్చిన సహోద్యోగికి అయితే 'బెండకాయ స్ట్యూ' అని చెప్పండి.

చివరిగా, ఇంత పరుగుపరుగున వండాక తినకండి. గంబో మర్నాటికి ఇంకా బాగుంటుందని లూసియానాలో చిన్నపిల్లలకి కూడా తెలుసు. ఫ్రిజ్‌లో పెట్టి, ఎనిమిదింటి కాల్ చూసుకుని, రెండు ఉడికిన గుడ్లు తిని పడుకోండి. పొద్దున్న మూత తీస్తే పైన వేలెడు మందాన కొవ్వు పేరుకుని ఉంటుంది. చెంచా తీసుకుని దాన్ని తోడి పారేయబోతారు, చిన్నప్పటినుంచీ అదే నేర్చుకున్నాం. ఆగండి. అన్నం మానండి, కొవ్వు తినండి అని వీరమాచనేని రామకృష్ణగారు సభలు పెట్టి చెప్పినప్పుడు మీరు ముందువరసలో కూర్చుని తలాడించారు. దానిలో మాత్రం కార్బ్స్ ఖాయంగా సున్నా. కలిపేయండి.