రైల్వే బోర్డు వారి దివ్యసముఖానికి తిరుచానూరు వాసి విన్నపం

ఢిల్లీ రైల్ భవన్‌లో కొలువై ఉన్న రైల్వే బోర్డు వారికి, తిరుచానూరు నుంచి ఒక జనరల్ బోగీ ప్రయాణికుడు నమస్కరించి రాసుకునేది.

అయ్యలారా! కొండ మీది స్వామిని చూడాలంటే టోకెన్ ఇస్తారు. ఏ రోజు, ఎన్ని గంటలకు క్యూలోకి రావాలో అందులో రాసి ఉంటుంది. మీకు పెట్టుకునే అర్జీకి ఆ మాత్రం టైమ్‌స్లాటు కూడా లేదు గనక ఇలా బజారున పడి రాస్తున్నాను. మన్నించాలి.

అసలు ఎవరికి మొర పెట్టుకోవాలో తెలుసుకోవడమే మాకు పెద్ద పని. 1891లో సౌత్ ఇండియన్ రైల్వే కంపెనీ మీటర్‌గేజి పట్టాలు వేసి తిరుపతికి రైలు తెచ్చినప్పుడు దొరలు తిరుచిరాపల్లిలో ఉండేవారు. 1951లో దక్షిణ రైల్వే పుట్టాక పెద్దలు మద్రాసులో కూర్చున్నారు. 1977లో గుంతకల్లు డివిజను దక్షిణ మధ్య రైల్వే చేతికి వచ్చింది, మా కాగితాలు సికింద్రాబాదు దారి పట్టాయి. 2019లో విశాఖపట్నం కేంద్రంగా దక్షిణ కోస్తా జోను ప్రకటించారు, ఇక అటు తిరిగి దండం పెట్టుకోవాలి. స్టేషను ఉన్నచోటే ఉంది, తీర్థయాత్రలన్నీ దాని ఏలికలే చేస్తున్నారు. తిరుపతి కేంద్రంగా బాలాజీ డివిజను ఇమ్మని మావాళ్ళు ఏళ్ళ తరబడి అడుగుతున్నారు. ఆ ఆఫీసుకు తిరుపతిలో రూము దొరకలేదేమో! సీజనులో ఎవరికీ దొరకదు లెండి.

మొదటి రోజుల్లో మద్రాసు, బొంబాయి వైపు నుంచి వచ్చేవాళ్ళు రేణిగుంటలో పెద్ద రైలు దిగి, మూటాముల్లె నెత్తికెత్తుకొని, మీటర్‌గేజి బండెక్కి తిరుపతి చేరేవారు. అక్కడికి సగం పనే అయినట్టు. 1944లో ఘాట్ రోడ్డు పడేదాకా పైకి కాలినడకే, లేదంటే డోలీ. అంటే యాభై ఏళ్ళకు పైగా, మీ రైలు దించిన మనిషి ముందు కింద ఎక్కడో ఒళ్ళు వాల్చి, ఆనక మెట్లెక్కేవాడు. తిరుపతి స్టేషను పుట్టిన నాటి నుంచీ మనుషులు కాచుకునే చోటు, నడుం వాల్చే చోటు. ఈ సంగతి దేవస్థానం వాళ్ళకు తెలుసు గనకే స్టేషను ఎదుట విష్ణు నివాసం కట్టారు, వెనక సత్రాలు పెట్టారు. అవి నిండిపోయాక మిగిలినవాళ్ళు మీ అతిథులు.

ఏ రాత్రయినా పది దాటాక ఒకటో నంబరు ప్లాట్‌ఫారం మీద నడిచి చూడండి, కాలు పెట్టే సందుంటే. గుండ్లకు పూసుకున్న గంధం ఎండి పెచ్చులు రాలుతుంటుంది. లడ్డూల సంచి కింద పెడితే చీమలు పడతాయని ఒకామె దాన్ని కిటికీ కమ్మీకి కట్టేస్తుంది. దాని కింద పిల్లల్ని వరసగా పడుకోబెట్టి, తువ్వాలు కప్పి, అందరి చెప్పులూ ఒక కవర్లో వేసి తన తలకింద పెట్టుకుంటుంది. వాళ్ళ రైలు ఏ తెల్లవారుజామునో. ఇంత ముందు ఎందుకొచ్చారని అడగకండి. దర్శనం ఎప్పుడవుతుందో, కొండ ఎప్పుడు దిగుతామో ఎవరికి తెలుసు? రైలు తప్పిపోతుందనే భయంతో ఒక పూట కలుపుకొని మరీ టికెట్టు తీసుకుంటారు. స్వామి తొందరగా కరుణిస్తే ఆ పూటంతా మీ నేల మీదే గడవాలి. ఇంకే ఊళ్ళోనూ స్టేషనుకు ఇంత చాకిరీ ఉండదని నా అభిప్రాయం.

2022లో రైల్వే మంత్రి అశ్వినీ వైష్ణవ్ గారు కొత్త స్టేషను బొమ్మలు బయటపెడితే, ఐటీ పార్కులా ఉంది, ఆధ్యాత్మికత ఏదీ అని జనం దుయ్యబట్టారు. నేను ఆ గొడవలో లేను. గాజు అద్దాలు పెట్టినా, గోపురం పెట్టినా పడుకున్నవాడికి కనిపించేది పైకప్పూ ఫ్యానూ మాత్రమే. సుమారు 300 కోట్ల పనిలో చాప పరుచుకునేవాడి వంతెంత? అదొక్కటి చెప్పండి.

వందేభారత్ వచ్చింది, 2023 ఏప్రిల్‌లో. సికింద్రాబాదు నుంచి తొమ్మిది గంటల్లోపే. చాలా సంతోషం. 2025 ఏప్రిల్‌లో తిరుపతి–పాకాల–కాట్పాడి 104 కిలోమీటర్ల డబ్లింగుకు 1,332 కోట్లతో కేంద్ర మంత్రివర్గం సరేనంది. అదీ సంతోషమే. మరి రెండో లైను పడితే రైళ్ళు పెరుగుతాయి, దిగే జనమూ పెరుగుతారు. వాళ్ళంతా ఆ ఇరుకులోనేనా?

ఇక్కడే మా ఊరి మాట. తిరుపతికీ రేణిగుంటకూ నడుమ తిరుచానూరు స్టేషను ఉంది. తిరుపతి బరువు దించడానికే దాన్ని శాటిలైట్ స్టేషనుగా కట్టారు. కొండకు వచ్చినవాడు మా ఊరి అమ్మవారిని చూడందే యాత్ర పూర్తి కాదంటారు. అమ్మ పేరు పెట్టుకున్న పద్మావతి ఎక్స్‌ప్రెస్ మాత్రం ఆఖరికి పోయి చేరేది అయ్యవారి తిరుపతికే. ఏటా కార్తీక బ్రహ్మోత్సవాల్లో పంచమి తీర్థం నాడు స్వామి కొండ మీద నుంచి అమ్మకు సారె పంపిస్తాడు, ఏనుగు మీద, మెట్ల దారిన. అంతటివాడు కూడా మీ రైలును నమ్ముకోలేదు.

కనుక మనవి ఏమంటే, తిరుపతిలో ఇంకో లాంజి కట్టేముందు జనరల్ టికెట్టువాళ్ళు పడుకునేందుకు ఫ్యాన్లూ మరుగుదొడ్లూ ఉన్న పెద్ద హాలు కట్టండి. దూరపు రైళ్ళు మరికొన్ని తిరుచానూరులో ఆపండి. దేవస్థానం వారితో మాట్లాడి ఇక్కడి నుంచి అమ్మవారి గుడికీ అలిపిరికీ రాత్రీ పగలూ బస్సులు తిరిగేటట్టు చూడండి. నమ్మకం కుదరకపోతే వచ్చే పంచమి తీర్థానికి మీలో ఒకరు జనరల్ టికెట్టు తీసుకొని రండి. వస్తున్నట్టు మాత్రం ముందుగా కబురు పెట్టకండి. పెడితే, మీరు దిగేలోపు ప్లాట్‌ఫారం కడిగేసి ఆ లడ్డూల సంచి ఆమెనూ పిల్లల్నీ లేపేస్తారు.

ఇట్లు,
తమ విధేయుడు,
తిరుచానూరు వాసి